ఏ చేత్తో పేనిన బట్ట

"పుర్రచెయ్యి తియ్యి."

అత్త రాహేలమ్మ గొంతు గడప దాటి నల్లా దాకా వచ్చింది. మొగుడి తెల్ల అంగీని మెలిపెట్టి పిండుతున్న సుసన్నా చేతులు టక్కున ఆగాయి. సుసన్నాది ఎడమచేతి వాటం. పెళ్లయిన నాటి నుంచీ ఇదే మాట. అన్నం వడ్డిస్తే పుర్రచెయ్యి, పిల్లకు జడ వేస్తే పుర్రచెయ్యి, ఆఖరికి బట్టలు పిండినా పుర్రచెయ్యే.

"పిండుడుకు గూడ కుడిచెయ్యేంది అత్తమ్మా?"

"రేపు హైద్రాబాద్ నుంచి చర్చిల పెద్దయ్యగారు వస్తుండు. గా అంగి తొడుక్కోనే నా కొడుకు ఆయన ముంగట నిలబడతడు. నీ ఉల్టా మెలికతోని ముడతలు తేకు. తల్లి చెయ్యే వచ్చింది నీకు, ఏం జేస్తం."

సుసన్నా అంగీని కుడిచేతికి మార్చుకుంది. ఈ ఇంట్లో వాదించి గెలిచిన రోజు ఒక్కటీ ఆమెకు గుర్తు లేదు.

రేపు ఆమె మొగుడు స్తెఫనుకు పెద్ద రోజు. గోదావరిఖనిలో వాళ్ల చర్చి గోడకు ఒక అద్దాల పెట్టె ఉంది. అందులో గజం పొడవు ముతక బట్ట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బెల్లంపల్లి వైపు ఒక బొగ్గు గనిలో, ఇక్కడివాళ్ల మాటలో బాయిలో, కప్పు కూలి దానియేలు పంతులు చనిపోయాడు. పగలు బొగ్గు కొట్టి సాయంత్రం వాక్యం చెప్పిన మనిషి. సమాధి చేసేదాకా ఆయన ముఖం మీద ఉన్న బట్ట అది. చెమటా బొగ్గుపొడీ కలిసి దానిమీద నల్లటి అచ్చు పడింది. నుదురు, ముక్కు, గడ్డం తెలుస్తాయి. చూడాలనుకున్నవాళ్లకు కళ్లు కూడా కనిపిస్తాయి. ఇక్కడ కొత్త బాయిలు తెరిచినప్పుడు బదిలీ మీద వచ్చిన కుటుంబాలు సామానుతో పాటు ఆ బట్టనూ తెచ్చుకున్నాయి. ఏటా శుభ శుక్రవారం నాడు పెట్టె తెరిచి చూపిస్తారు.

ముఖం సంగతి అందరికీ తెలిసిందే. తెలియనిది గీతల సంగతి. ముఖం వెనక, బట్ట ఈ చివర నుంచి ఆ చివరకు, ఏటవాలుగా నల్లటి చారలు ఉన్నాయి. అవేమిటో ఎవరికీ అంతు చిక్కలేదు.

బాయి ఆఫీసులో గుమాస్తా అయిన స్తెఫను కిందటేడు ఒక వారపత్రికలో ఇటలీ దేశపు బట్ట ఫొటో చూశాడు. క్రీస్తు ప్రభువు దేహాన్ని చుట్టిన బట్ట అని కొందరూ, కాదని కొందరూ వాదించుకుంటున్నారట. పండితులు దాన్ని పరీక్షిస్తున్నారట. ఆ రోజు నుంచి అతని కాలు నిలవలేదు. "మన బట్ట మీద గూడ పరిశోధన జరగాలె. నేనే చేస్త" అన్నాడు. చేశాడు కూడా. చేయడమంటే, ఆదివారాలు ముసలి కార్మికుల ఇళ్లకు వెళ్లి చాయ్ తాగి ముచ్చట్లు విని వచ్చాడు. చర్చి అయ్యగారి అనుమతితో పెట్టె తెరిచి బట్టను కొలిచింది సుసన్నా. నేత పరీక్షించింది సుసన్నా. గీత గీతా చూసుకుంటూ పెద్ద అట్ట మీద దాని బొమ్మ వేసింది సుసన్నా. పెళ్లికి ముందు బెల్లంపల్లి బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పిన చెయ్యి అది. కుడిచెయ్యే. చిన్నప్పుడు బడిపంతులు బెత్తంతో కొట్టి కొట్టి అలవాటు చేసిన కుడిచెయ్యి.

బొమ్మ చూసి స్తెఫను ఎగిరి గంతేశాడు. "చూసినవా! గీతలన్ని కుడిపక్క మీదికెల్లి ఎడమపక్క కిందికి దిగుతున్నయి. ఇది వెలుగు! దేవుని కుడిచేతి వెలుగు!"

పెద్దయ్యగారి ముందు చదవబోయే వ్యాసానికి అదే పేరు పెట్టుకున్నాడు. బొమ్మ అడుగున 'దేవుని కుడిచెయ్యి' అని అందంగా రాసి ఇవ్వడం ఒక్కటే సుసన్నాకు మిగిలిన పని. సాయంత్రానికల్లా అట్ట చర్చికి చేరాలి.

ఆ బట్ట మాట వచ్చినప్పుడల్లా సుసన్నాకు తల్లి ఐలవ్వ గుర్తొచ్చి ముఖం వేడెక్కుతుంది. ముసలితనంలో బాప్తిస్మం తీసుకున్నా పేరు మార్చుకోక ఐలవ్వ ఐలవ్వగానే ఉండిపోయింది. చివరిసారి కూతురి దగ్గరికి వచ్చినప్పుడు శుభ శుక్రవారం ఆరాధనకు వెంట వచ్చింది. అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. ఐలవ్వ లేచి పెట్టె దగ్గరికి నడిచి, పైకే అంది: "అయ్యో, గిట్ల మసితోనే నలుగురికి చూపెడుతున్నరా? ఒక్కపారి ఇయ్యున్రి అయ్యగారూ, ఉతికి ఆరేసి తెస్త."

చర్చి చర్చంతా నవ్వింది. "మీ అవ్వ దేవుణ్ని గూడ చాకిరేవుకు తోలేటట్టున్నది" అన్నాడు స్తెఫను ఇంటికొస్తూ. సుసన్నా కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. ఐలవ్వ కూతురి ముఖం చూసి, ఏదో చెప్పబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ శుభ శుక్రవారానికి ఆమె లేదు.

మధ్యాహ్నం నల్లా బందయింది. బొగ్గుపొయ్యి రాజేసిన చేతులు కడుక్కోవడానికి కూడా చుక్క నీళ్లు లేవు. సుసన్నా బిందె అందుకుని, పాత తెల్ల తువ్వాలును ఆ మసిచేతులతోనే మెలిపెట్టి, బిందె ఆనడానికి చుట్టబట్ట చేసి నెత్తిన పెట్టుకుంది. అత్త చూడటం లేదు కనుక ఎడమచేత్తోనే మెలిపెట్టింది. క్వార్టర్ల చివర బోరింగు దగ్గర నింపుకుని వచ్చి, బిందె దించి, చుట్టబట్ట విప్పి దులపబోయింది.

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

తువ్వాలు మీద నల్లటి ఏటవాలు గీతలు. కుడిపక్క పైనుంచి ఎడమపక్క కిందికి.

గబగబా లోపలికి వెళ్లి అట్ట తెచ్చి పక్కన పెట్టింది. అవే గీతలు. ఇంకో గుడ్డ తీసుకుంది, మళ్లీ చేతులకు మసి పూసుకుంది. ఈసారి అత్తమ్మ మెచ్చేలా కుడిచేత్తో మెలిపెట్టి విప్పింది. గీతల వాలు తిరగబడింది. అందరు ఆడవాళ్ల చుట్టబట్టల మీదా పడే వాలు అదే.

అద్దాల పెట్టెలో ఉన్నది వెలుగు కాదు. మెలిక. బొగ్గుగంప మోసిన ఒక ఆడమనిషి నెత్తిమీది మెలిక. అదీ పుర్రచేత్తో పేనింది.

యుద్ధం రోజుల్లో ఆడవాళ్లను కూడా బాయిలోకి దింపారు. ఐలవ్వ దిగింది. పంతులు చనిపోయిన ఆ బాయిలోకే దిగింది. చర్చిలో ఆమె అన్న మాట గుర్తొచ్చింది: ఉతికి ఆరేసి తెస్త.

కానీ ఒక్క మెలికను పట్టుకుని ఇది మా అవ్వదే అంటే ఎవరు ఒప్పుకుంటారు? లోకంలో పుర్రచేతివాళ్లు ఇంకెవరూ లేరా? సుసన్నా తువ్వాలు చంకలో పెట్టుకుని పక్క వరుసలోని పోశవ్వ ఇంటికి నడిచింది. ఐలవ్వతో కలిసి గంపలు మోసినవాళ్లలో ఇక్కడ మిగిలింది పోశవ్వ ఒక్కతే.

పోశవ్వ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"చిన్నమ్మా, దానియేలు పంతులు ముఖం మీద బట్ట ఎవలు కప్పిన్రు?"

"ఎవలేంది? మీ అవ్వే." పోశవ్వ తల కూడా ఎత్తలేదు. "సచ్చినోని మొఖం గట్ల తెరిసి ఉండొద్దని, నెత్తిమీది చుట్టబట్ట గుంజి ఇప్పి కప్పింది. మల్ల తెల్లారి ఒట్టి నెత్తి మీదనే గంపెత్తుకున్నది. నెత్తంత పుండయింది పాపం."

"మరి మా ఆయన మీ ఇంటికొచ్చి అడిగినప్పుడు చెప్పలేదేంది?"

"మీ ఆయన నన్నడిగిండా? మా ఇంటాయన రాయమల్లును అడిగిండు. ఈయన ఆ దినం ఆ షిఫ్టులనే లేడు. అయినా చూసినట్టే చెప్పిండు ముసలోడు. నేను చాయ్ వోసిన." పోశవ్వ నవ్వింది. ఆ తర్వాత చేట పక్కన పెట్టింది. "మీ అవ్వకు చెప్పిన బిడ్డా, నీ బట్టనే అని చెప్పరాదె అని. ఇనలే. 'నెత్తిమీది మసిబట్ట పంతులు మొఖం మీదేసిన్నని తెలిస్తె అల్లుని ముంగట నా బిడ్డ ఇజ్జత్ పోతది' అన్నది."

సుసన్నా ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆ రోజు నవ్విన నవ్వు ఒక్కటే దారంతా వెంట వచ్చింది. అవ్వ తన పరువు కాపాడింది. తాను అవ్వను చూసి నవ్వింది. ఒక్కసారి, 'ఎందుకు ఉతుకుతనంటున్నవు అవ్వా' అని అడిగి ఉంటే సరిపోయేది. స్తెఫను ఊరంతా అడిగాడు, ఆడవాళ్లను వదిలేసి. మరి తాను? ఇంట్లో ఉన్న మనిషినే అడగలేదు.

డ్యూటీ దిగి వచ్చిన స్తెఫను ముందు రెండు గుడ్డలూ పరిచి, అట్ట పక్కన పెట్టి, అంతా చెప్పింది. అతను గుడ్డలను చూశాడు, అట్టను చూశాడు. తెలివితక్కువవాడు కాదు. ముఖంలో రంగు మారింది. మెల్లగా తలుపు దగ్గరికి వేశాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. పెద్దయ్యగారి ముంగట చుట్టబట్ట అని చదవాల్నా? మా అత్త బాయిల గంపలు మోసిందని నలుగుట్ల చాటుకోవాల్నా? ఆడోళ్ల ముచ్చట్లు పరిశోధన అయితదా సుసన్నా?"

"కొలిచింది గూడ ఆడమనిషే."

అతను వినిపించుకోలేదు. భుజం మీద చెయ్యి వేశాడు, ప్రేమగానే. "బట్ట ఎవలదైతేంది? మొఖం పంతులుది గద. జల్ది పేరు రాసిపెట్టు. నేను కుర్చీలు వేయించి వస్త, చర్చి పిల్లలు అట్ట కోసం వస్తరు." గడప దగ్గర ఆగి, "అంగి ఇస్త్రీ చేసినవా?" అన్నాడు.

"చేసిన."

అతను వెళ్లిపోయాడు. సుసన్నా అట్ట ముందు కూర్చుంది. ముఖం పంతులుది. నిజమే. ఆ బట్టను మోసిన నెత్తి ఎవరిదో ఇన్నేళ్లూ ఎవరికీ అక్కర లేకపోయింది. ఆ గీతల ముందు మోకరిల్లి, దేవుడి కుడిచెయ్యి అని పేరు పెట్టారే గానీ, అది ఒక పుర్రచెయ్యి అని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు అవ్వకు చెప్పుకుందామంటే వినడానికి అవ్వ లేదు. మిగిలింది ఈ అట్ట అడుగున ఖాళీ జాగా.

కుంచెను నల్లరంగులో ముంచింది. కుడిచెయ్యి అట్ట మీదికి వెళ్లి ఆగింది. కుంచెను ఎడమచేతికి మార్చుకుంది. బడిలో బెత్తం దెబ్బలు తిన్నాక ఆ చెయ్యి అక్షరం రాయలేదు. మొదటి అక్షరం వంకరగా వచ్చింది. రెండోది ఇంకా వంకరగా వచ్చింది. తుడవలేదు. అడుగున పేరు పూర్తయింది: 'ఐలవ్వ చుట్టబట్ట'.

బయట పిల్లలు అట్ట కోసం కేకేశారు. సుసన్నా అట్టను రెండు చేతులా ఎత్తి వాళ్లకు అందించింది. కుంచె ఇంకా ఎడమచేతి వేళ్లలోనే ఉంది. లోపలి నుంచి వచ్చిన రాహేలమ్మ దాన్ని చూసింది.

"ఏమే, ఏ చేత్తోని రాసినవే?"

"మా అవ్వ చేత్తోని, అత్తమ్మా."