అడిగినవాళ్ళు లేని పుస్తకం

కౌంటరక్కకి కోపమొస్తే లైబ్రరీలో ఫ్యాన్లు కూడా భయంభయంగా తిరుగుతాయని అందరూ నవ్వుకుంటారు. ఆ రోజు కోపానికి కారణం ఒక బక్కపలచని పుస్తకం.

అయిదేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాలన్నీ నాలుగింటికి వచ్చే లారీలో కాగితం మిల్లుకి పోవాలి. ఆ గుట్ట మీదే ఉందది. జపాను భాషలో ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకం, పేరు ‘తెగామి’, అంటే ఉత్తరం. వెనకట్ట మీద రచయిత ఫొటో చూడగానే ఆమె గుర్తుపట్టింది. జపాను మేష్టారు! ఊళ్ళో జపాను భాష నేర్పే ఆయన రోజూ లైబ్రరీకి పేపరు చదవడానికి వచ్చేవారు. ఈ పుస్తకం కోసమే మూడుసార్లు అడిగారు గాని, రాసింది తనేనని ఒక్కసారీ అనలేదు. పరభాషా పుస్తకాలు కింది గదిలో తాళంలో ఉంటాయి, కంప్యూటరులో ఉన్నట్టు కనిపిస్తేనే తెచ్చిస్తారు. మూడుసార్లూ ఆమే జపాను అక్షరాల్లో పేరు కొట్టి చూసి "లేదండీ" అంది. ఆ తర్వాత ఆయన రావడం మానేశారు.

మళ్ళీ కొట్టి చూసింది. సున్నా. లారీ జాబితాలోంచి అదే పేరు కాపీ చేసి వెతికితే టక్కున వచ్చింది. రెండు పేర్లనీ పక్కపక్కన పెట్టి చివర్నుంచి చెరుపుతూ వచ్చింది. తను కొట్టినదాంట్లో ‘గా’ అక్షరం, が, ఒక్క నొక్కుకి మొత్తం పోయింది. జాబితాలోని దాంట్లో భుజం మీది రెండు చిన్న గీతలు మాత్రమే పోయి, か అనే ‘కా’ మిగిలింది.

వెంటనే సాఫ్ట్‌వేరతనికి ఫోన్ చేసింది. ఏది చెప్పినా వచ్చే అప్‌డేట్‌లో చూస్తాననేవాడు కాబట్టి అతనికి అప్‌డేటనే పేరు స్థిరపడింది. ఆ వచ్చేది ఎన్నడూ వచ్చిన పాపాన పోలేదు.

"ఓ, అదా అక్కా! ఆ ‘గా’ని రెండు రకాలుగా దాచొచ్చు. మొత్తానికి కలిపి ఒకే నంబరు, లేదంటే ‘కా’కి ఒకటి, గీతలకి ఒకటి. లైబ్రరీ పుస్తకాల పేర్లు మొదట్లో ఎక్కించిన మెషీన్ రెండుగా దాచింది, మీది ఒకటిగా కొడుతుంది. కంటికి ఒకటే, వెతికేదానికి వేరు. వెతికేముందు రెండిటినీ ఒకేలా మార్చాలి. మాకు తెలుసు, వచ్చే అప్‌డేట్‌లో..."

"తెలిసీ ఊరుకున్నావా! నీ తీరిక కోసం పుస్తకాలు మిల్లుకి పోవాలా? దొరకలేదని చెప్పిన వెతుకులాటల లిస్టు ఉంటుందిగా, ఇప్పుడే పంపించు."

లిస్టు వచ్చింది. దాన్ని పట్టుకుని ఆఫీసరు గదిలోకి దూసుకుపోయింది.

"ఒక్క పుస్తకానికి ఇంత రాద్ధాంతమా అమ్మా? అయిదేళ్ళలో ఒక్కరూ తీసుకెళ్ళలేదు. రికార్డు చూడండి."

"లేదని మనమే పంపేస్తే ఎలా తీసుకెళ్తారు సార్? కంచం లాగేసి ఆకలి లేదని రాసుకున్నట్టుంది మన రికార్డు! ఈ ఒక్కదాన్నే పన్నెండుసార్లు అడిగారు. పన్నెండుసార్లూ లేదన్నాం. ఈ గుట్టలో ఆ గీతలున్న పేర్లు ఇంకెన్నో ఉన్నాయి. నిరుడు లారీ ఎక్కినవాటి సంగతి ఎవరు చెప్తారు?"

ఆఫీసరు లిస్టు రెండుసార్లు చదివాడు. ఫోన్ తీసి లారీని వద్దన్నాడు.

కౌంటరక్క కోపం చల్లారలేదు. పోయినవాటిని ఎవరు తెస్తారు? సభ్యుల పుస్తకంలో మేష్టారి నంబరు వెతికి పట్టుకుంది.

"మేష్టారూ, లైబ్రరీ కౌంటరు నుంచండీ. మీ ‘తెగామి’ ఇక్కడే ఉంది. ఉన్నదాన్ని లేదని మూడుసార్లు చెప్పింది నేనే."



"ఉందా అమ్మా? మరి... ఎవరైనా అడిగారా?"

ఆమె లిస్టుని ముందుకు లాక్కుంది.

"అడిగారండీ. మీరు కాక ఇంకో తొమ్మిదిసార్లు. అన్నిసార్లూ లేదనే చెప్పాం."