హాలీనా ఇచ్చిన ఎర్ర దీపం

"రత్నరాజు గారికి బీపీ. కూరలో ఉప్పు తగ్గించు," అన్నాడు సుందర్ రాజ్, పేపరు మడుస్తూ.

వసంతకుమారి అప్పటికి ఉల్లిపాయలు తరగడం ముగించి కోడి ముక్కలకు పసుపు పట్టిస్తోంది. 1980 నవంబరు ఒకటి, శనివారం. జెర్సీ సిటీలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాల ప్రార్థన కూడిక ఆ సాయంత్రం వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో. ఇరవై మంది దాకా వస్తారు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి పొద్దున్న ఇంటికొచ్చిన వసంత ఇంకా నడుం వాల్చలేదు. నర్సుగా ఆమెకు వచ్చిన వీసా మీదే భర్త సుందర్ రాజ్ అమెరికా వచ్చాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె అసలే ఎత్తదు.

"మధ్యాహ్నం హాలీనాతో వెళ్ళొస్తానన్నాను కదా," అంది.

"సమాధుల దొడ్డికా?"

"ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. సమాధి కడగడానికి బకెట్ మొయ్యాలి."

"ఊళ్ళో బకెట్ మోసేవాళ్ళే కరువయ్యారా? చచ్చిపోయినవాళ్ళకి దీపాలు పెట్టమని వాక్యంలో ఎక్కడుంది వసంతా?"

"నేను పెట్టట్లేదు. నీళ్ళు మోస్తానంతే."

"సరే. బియ్యం కడిగి కుక్కర్‌లో పోసి వెళ్ళు. ఆరింటికి అందరూ వచ్చేస్తారు."

హాలీనా ఆమె వార్డులోనే నర్సు. పోలండ్ నుంచి వచ్చింది, భర్త పోయాడు. ఫిబ్రవరిలో, ఎనిమిదో నెలలో, వసంత పాప ప్రాణం లేకుండా పుట్టినప్పుడు ఆమె రాత్రి డ్యూటీలు హాలీనాయే చేసింది. అందుకే బకెట్ సంగతి అడిగినప్పుడు వసంత కాదనలేకపోయింది.

ఆ ఫిబ్రవరి రోజున మత్తులో ఉన్న వసంత కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. సుందర్ రాజ్, సంఘ పెద్ద రత్నరాజు కలిసి పాపను తీసుకెళ్ళి పూడ్చి వచ్చారు. "చూడకపోవడమే మంచిదమ్మా, చూస్తే మర్చిపోలేవు," అన్నాడు రత్నరాజు మంచం పక్కన నిలబడి. ఒంగోలు నుంచి ట్రంకాల్‌లో అత్తగారు, "ఆడపిల్లే కదా, ఏడవకు, ఇంకా వయసుంది," అంది. "నర్సువి, ఇలాంటివి ఎన్ని చూసుంటావు," అన్నవాళ్ళూ ఉన్నారు. నిజమే, చూసింది. చనిపోయి పుట్టిన బిడ్డలకు స్నానం చేయించి, బట్టలో చుట్టి, తల్లుల చేతికి ఇచ్చింది. ఆమె చేతికి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇంటికొచ్చాక ఒకే ఒక్కసారి అడిగింది, కాఫీ కప్పు అతని ముందు పెడుతూ: "ఎక్కడ పెట్టారు?" అతను కప్పు తీసుకున్నాడు. "ఎందుకిప్పుడు? మళ్ళీ మొదలుపెట్టకు," అన్నాడు. ఆమె మళ్ళీ మొదలుపెట్టలేదు. బస్సు ఏ సమాధుల గోడ పక్కనుంచి వెళ్ళినా ఆ గోడ అయిపోయేదాకా కిటికీలోంచి చూస్తుంది, అంతే.

కొండవాలు మీదున్న సమాధుల దొడ్డి గేటు దగ్గర చామంతులు అమ్ముతున్నారు. చామంతుల్ని చూసి వసంత ఆగింది. గుంటూరులో నవంబరు రాగానే అమ్మ ఒక బకెట్ సున్నం కలిపేది. అందరూ కలిసి అమ్మమ్మ సలోమి సమాధికి సున్నం వేసి, చామంతులు పరిచి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు. పెళ్ళయ్యాక వసంత మానేసింది. మానెయ్యమని ఎవరూ గట్టిగా చెప్పలేదు. "మా ఇంట్లో ఆ అలవాటు లేదు," అంది అత్తగారు. అంతటితో సరిపోయింది.

"కలలు కంటున్నావా? కుళాయి అటు," అంది హాలీనా.

వసంత నీళ్ళు తెచ్చింది. హాలీనా ఒక కాలు చాపి కూర్చుని భర్త రాయిని బ్రష్‌తో రుద్దింది. అక్షరాల సందుల్లో నాచును పాత టూత్‌బ్రష్‌తో తీసింది. "బతికున్నప్పుడు ఈయన బూట్లు తుడిచేదాన్ని. ఇప్పుడు ఇది. ప్రమోషన్," అంది. వసంత నవ్వి, తనూ ఒక గుడ్డ తీసుకుని రుద్దింది. చుట్టూ మగవాళ్ళు కూడా మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు తుడుస్తున్నారు. కోటూ టైతో ఉన్న ఒకాయన జేబు రుమాలు తీసి తల్లి పేరు మీద నీళ్ళు అద్దుతున్నాడు. మగవాడు నేల మీద కూర్చుని తుడవడం వసంత తన ఇంట్లో చూడలేదు.

రెండోసారి నీళ్ళకు వెళ్ళి బకెట్ నిండేదాకా వంగి నిలబడింది. తల ఎత్తేసరికి పొద్దు గుంకింది.

కొండ వెలుగుతోంది.

కుళాయి దగ్గర నుంచి పైన చెట్ల దాకా ప్రతి రాతి ముందూ గాజు దీపాలున్నాయి. ఎరుపు, తెలుపు, అక్కడక్కడ నీలం. గాలి వీస్తే మంటలన్నీ ఒక్కసారి వంగి, మళ్ళీ నిలబడుతున్నాయి. అన్ని వందల మంది ఉన్నారు, ఎవరూ గొంతు పెంచడం లేదు. కాళ్ళ కింద ఆకుల చప్పుడు వినిపిస్తోంది. ఒక తండ్రి చంటిపిల్లను ఎత్తుకుని ఒక్కో రాయి ముందు ఆగి పేరు చదివి వినిపిస్తున్నాడు. బకెట్ నిండి పొర్లి బూట్ల మీద పడుతున్నా వసంతకు కుళాయి కట్టాలని తోచలేదు. చనిపోయినవాళ్ళ కోసం ఇంతమంది ఇంత వెలుతురు మోసుకొస్తారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. చనిపోయినవాళ్ళను మర్చిపోవడమే భక్తి అని పెళ్ళయ్యాక ఆమెకు నేర్పారు.

తిరిగి వచ్చేసరికి హాలీనా పక్క సమాధి ముందు దీపం పెడుతోంది.

"మీవాళ్ళా?"

"కాదు. ఎవరో తెలీదు. ఎవరూ రాలేదు. మా పోలండ్‌లో ఈ రోజు చనిపోయినవాళ్ళ పండుగ, ఏ సమాధీ చీకట్లో ఉండకూడదు. ఉంటే బతికున్నవాళ్ళకి సిగ్గు."

వసంత బకెట్ కింద పెట్టింది. ఈ ఊళ్ళో ఎక్కడో ఒక చోట, ఈ క్షణాన, ఒక చిన్న మట్టిదిబ్బ చీకట్లో ఉంది.

దారి మధ్యలో పెద్ద సిలువ ఉంది. దాని పాదం దగ్గర నేల కనిపించకుండా దీపాలు పెట్టారు. దగ్గరికి వెళ్ళేసరికి వేడి ముఖానికి కొట్టింది. నవంబరు చలిలో వసంత కోటు బొత్తాలు విప్పుకుంది. "సమాధి ఎక్కడో తెలియనివాళ్ళకి ఇక్కడ పెడతాం," అంది హాలీనా. "మా నాన్నని యుద్ధంలో తీసుకుపోయారు. ఎక్కడ పూడ్చారో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు." తండ్రి పేరు పలికి దీపం పెట్టింది. తర్వాత సంచిలోంచి ఇంకో ఎర్ర దీపం, అగ్గిపెట్టె తీసి వసంత చేతిలో పెట్టింది. ఏమీ అడగలేదు.

వసంత వంగి అగ్గిపుల్ల గీసింది.

"పేరు చెప్పి వెలిగించాలి," అంది హాలీనా.

వసంతకు పేరు నాలుక చివరే ఉంది. కడుపులో మొదటిసారి కదిలిన రోజు నుంచీ ఉంది. "సలోమి," అంది. పాపను ఆ పేరుతో పైకి పిలవడం ఆమెకు అదే మొదలు. "మా పాప. ఎక్కడుందో నాకు తెలీదు."

"ఎవరికీ తెలీదా?"

"మా ఆయనకి తెలుసు."

హాలీనా వంగి, పుల్ల ఊదేసింది.

"అయితే ఇక్కడ కాదు. ఈ సిలువ అడగడానికి మనిషి మిగలనివాళ్ళది. నీకు మనిషి ఉన్నాడు, ఇంట్లో అన్నం కోసం చూస్తూ."

వసంత దీపం కోటు లోపల పెట్టుకుంది.

ఇంటికి చేరేసరికి గుమ్మం దగ్గర చెప్పులు, బూట్లు నిండిపోయి ఉన్నాయి. పాట అయిపోయింది. లూసీ వంటింట్లోంచి తొంగిచూసి, "అక్కా, కుక్కర్ ఆన్ చేశాను, కూర వేడి చేశాను. వడ్డించడమే," అంది మెల్లగా. సుందర్ రాజ్ ఆఫీసులోనే లూసీ భర్త కూడా పనిచేస్తాడు. సుందర్ రాజ్ వసంత బూట్ల మీది బురద చూశాడు. "సిస్టర్‌కి ఇవాళ పోలండ్ డ్యూటీ పడింది లెండి," అన్నాడు అందరితో. నలుగురు నవ్వారు.

రత్నరాజు కళ్ళజోడు సవరించుకుని ప్రార్థన అంశాలు అడిగాడు. ఒకావిడ తన భర్త గ్రీన్‌కార్డ్ అంది. ఇంకో ఆవిడ తన భర్త ఇంటర్వ్యూ అంది. లూసీ తన భర్త నడుం నొప్పి అంది. ప్రతి నెలా ఈ వరసలో తన వంతు వచ్చేసరికి వసంత ప్లేట్లు సర్దుతూ వంటింట్లో ఉంటుంది.

ఈసారి గది మధ్యకు వచ్చింది. కోటు లోంచి ఎర్ర దీపం తీసి టీపాయ్ మీద, పాటల పుస్తకాల పక్కన పెట్టింది. వెలిగించలేదు.

"ఏంటది?" అన్నాడు సుందర్ రాజ్.

"మా అమ్మాయి పేరు సలోమి," అంది వసంత, రత్నరాజు వైపు చూస్తూ. "ఫిబ్రవరిలో పుట్టింది. ఎక్కడ పెట్టారో మా ఆయనకి తెలుసు, మీకూ తెలుసు. ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్పండి. చెప్పాక వడ్డిస్తాను."