రోడ్డు మీద వదిలెయ్యని కారు

తుర్దుకున్ బానెట్ మీద అరచెయ్యి ఆనించి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు చూశాడు. ఇంకా చల్లగానే ఉంది. ఇంజను గురగురలాడుతోంది. వెనక గొట్టంలోంచి తెల్లటి ఆవిరి వచ్చి పెరట్లో కోళ్ళ మీద పడుతోంది. ఇంజను వేడి చూపించే ముల్లు పని మానేసి చాలా ఏళ్ళయింది. దాని ఉద్యోగం అప్పటినుంచి ఈ చెయ్యే చేస్తోంది. చెయ్యి సరేనంటేనే బండి కదులుతుంది. ఈలోగా అతను ముందు అద్దం మీద గడ్డకట్టిన మంచును చెక్క గరిటెతో గీకసాగాడు.

"ఏమయ్యా, అది నా వంటింటి గరిటె!" కలీపా గుమ్మంలోంచి కేకేసింది. "మధ్యాహ్నం దాంతోనే నీకు షోర్వా పోస్తాను, తాగుదువుగాని."

"పొయ్యవే, తాగుతాను. ఈ కారు నీ కుండకంటే శుభ్రం."

"అయితే దాన్నే పెళ్ళి చేసుకోవాల్సింది."

"అడిగాను. నేను నాలుగో మొగుణ్ణని ఒప్పుకోలేదు."

కలీపా నవ్వుతూ లోపలికి పోయింది. తుర్దుకున్‌కి అరవై ఆరేళ్ళు. పొట్టిగా, వెడల్పుగా ఉంటాడు. నడక రాకముందే గుర్రమెక్కిన మనిషి కాబట్టి కాళ్ళు కొంచెం వంకర. తెల్ల ఉన్ని టోపీ కింద ముఖం ఎండకీ మంచుకీ కాలి రాగి చెంబులా ఉంటుంది. గోళ్ళ సందుల్లో చేరిన నల్ల నూనె ఏ సబ్బుకీ లొంగలేదు. తన ఊరు ఆత్‌బాషిలో నలుగురు ఎక్కగానే బయల్దేరడం, కిజిల్‌బెల్ కనుమ దాటి నరీన్ పట్నంలో దింపడం, అక్కడ మరో నలుగుర్ని ఎక్కించుకుని తిరిగి రావడం అతని పని. ఇంతకంటే చెప్పుకోదగ్గది ఏదీ అతని జీవితంలో జరగలేదు. జరగలేదన్న బెంగ కూడా అతనికి లేదు.

కారు గోధుమ రంగుది, జర్మనీది. మొదట అక్కడ ఒక ముసలావిడ వాడిందని చెప్పి అమ్మారట. మా దేశానికొచ్చిన ప్రతి పాత కారునీ జర్మనీలో ఒక ముసలావిడే వాడి ఉంటుంది, అదీ ఆదివారం చర్చికి వెళ్ళడానికి మాత్రమే. ఆ చర్చిలు అంత దూరాన ఎందుకు కట్టారో, వాటికి వెళ్ళి రావడానికి లక్షల కిలోమీటర్లు ఎలా పట్టాయో ఎవరూ అడగరు. తర్వాత చేతులు మారి తోక్‌మోక్‌లో ఒక కుస్తీ గురువు దగ్గరికి చేరింది. డ్రైవరు సీటు లోతుగా దిగబడి ఉండటానికి ఆయనే కారణం. ఆ గోతిలో కూర్చుని తుర్దుకున్ పన్నెండేళ్ళు ఈ కనుమ ఎక్కి దిగాడు. చలికాలంలో కొత్త బండ్లు నోరు తెరవకుండా పడుకున్న పొద్దుల్లో కూడా ఇది ఒకటి రెండుసార్లు మూలిగి లేచేది. ఊళ్ళో ఎవరికైనా అత్యవసరమైతే ముందు ఈ గేటే తట్టేవారు.

ఇప్పుడు దాన్ని అమ్మడానికి కారణం కారు కాదు, అతని కళ్ళు. శుక్లాలు వచ్చాయి. పోయిన నెల సందెవేళ రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ నల్ల ఆవును నీడ అనుకున్నాడు. కారు నిండా జనం. ఆవు తల తిప్పి చూడబట్టి, ఆ కళ్ళు మెరిసి, బ్రేకు పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. ఇంటికొచ్చి, టీ తాగి, ఇక చాలని తనే అన్నాడు. ఆ నిర్ణయం తీసుకున్నాక హాయిగానే నిద్రపట్టింది. ఒక్కటే కోరిక మిగిలింది. "ఇది ఎవరినీ రోడ్డు మీద వదిలెయ్యదు" అని పన్నెండేళ్ళుగా అందరికీ చెప్పుకున్న మాట, కారు చేతులు మారాక కూడా నిజమవ్వాలి.

అందుకే ఇద్దర్ని వెనక్కి పంపేశాడు. ఒకడు దాన్ని విడగొట్టి ముక్కలుగా అమ్ముకునే రకం. ఇంకొకడు పెళ్ళి ఊరేగింపుల్లో గింగిరాలు తిప్పేవాడు. మూడో మనిషి సైరాగుల్. నరీన్ అవతలి పల్లెలో నర్సు, నలభై ఏళ్ళ మనిషి, కొండల్లో మందలు కాసేవాళ్ళ ఇళ్ళకి కాన్పులకి వెళ్తుంది. నిన్ననే వచ్చి ఇక్కడ అక్క ఇంట్లో దిగింది. ఇవాళ ఒక ట్రిప్పు పక్కన కూర్చుని చూసి, అప్పుడు చెబుతానంది.

"ఆగిపోతే నాకేం బాబాయ్, దిగి నిలబడతాను" అంది సీటు బెల్టు కోసం వెతుక్కుంటూ. "అక్కడ నొప్పులు పడుతున్న ఆవిడ ఆగలేదు కదా."

"ఆ బెల్టు ఉత్తదే అమ్మా. పట్టుకుని కూర్చో చాలు."

వెనక సీట్లో ఉన్నితో తివాచీలు చేసే అనార్‌కాన్ తన మూటతో సహా ఎక్కింది. ఆమెకీ తలుపుకీ మధ్య మాంబెతాలీ ఇరుక్కున్నాడు. అతను కట్టుడు పళ్ళ కోసం నరీన్ వెళ్తున్నాడు. పళ్ళు లేకపోయినా నోటికి మాత్రం సెలవు లేదు. నాలుగో మనిషి కోసం ఇవాళ తుర్దుకున్ ఆగలేదు.

ఊరు దాటాక సైరాగుల్ వెనక్కి తిరిగింది. "ఈ బండి గురించి ఉన్నదున్నట్టు చెప్పక్కా."

"ఉన్నదున్నట్టా? మాంబెతాలీ పక్కనున్న తలుపు లోపల్నించి తెరుచుకోదు" అంది అనార్‌కాన్. "నేను మా ఆయన్ని ఎప్పుడూ అక్కడే కూర్చోబెడతాను. దారిలో దిగి తాగొద్దామంటే కుదరదు."

"పన్నెండేళ్ళలో ఒక్కసారి ఆగింది, నేను సాక్షిని" అన్నాడు మాంబెతాలీ. "పెట్రోలు అయిపోయి."

"అది బండి తప్పా?" అన్నాడు తుర్దుకున్.

"మరి ఎవరిది?"

"నాది. నీ సోది వింటూ పోయించడం మర్చిపోయాను."

అందరూ నవ్వారు. సైరాగుల్ కూడా నవ్వింది గానీ ఆమె చెవి ఇంజను మీదే ఉంది. దారి పైకి లేచింది. ఎండిన గడ్డి మీద మంచు పొద్దుటి ఎండకి కరిగి, కొండ మొత్తం ఆవిరి కక్కుతోంది. మూడో వంపు దగ్గర కారు ఖళ్ళున దగ్గి, ఒళ్ళంతా కుదిపింది. తుర్దుకున్ కాలు పూర్తిగా పైకెత్తేసి, "పద నాన్నా, పద" అన్నాడు గొంతు దించి. కారు ఇంకోసారి దగ్గి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కసాగింది.

"ఇది దానికున్న జబ్బు" అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఎత్తులో ఊపిరాడదు. భయపడి గట్టిగా తొక్కావా, మొండికేసి ఆగిపోతుంది. కాలు తీసెయ్, తనే సర్దుకుంటుంది. హీటరు కూడా అంతే. అయితే ఒళ్ళు కాలుస్తుంది, లేకపోతే అసలు పలకదు. వెనక ఎడమ చక్రం దగ్గర తుప్పు ఉంది, రంగేసి కప్పాను."

"అమ్మేటప్పుడైనా నోరు మూసుకోవయ్యా!" అన్నాడు మాంబెతాలీ.

"రేపు ఇక్కడ నిలబడేది నేను కాదు, ఈ అమ్మాయి."

కనుమ మీద ఎప్పట్లాగే ఆపాడు. మూతి గాలికి ఎదురుగా పెట్టి బానెట్ ఎత్తాడు. కొండెక్కి చెమటలు పట్టిన గుర్రానికి వెంటనే నీళ్ళు పెట్టకూడదని, కాసేపు గాలికి నిలబెట్టాలని అతని తండ్రి నేర్పాడు. కారుకీ అదే పద్ధతి. కుర్ర డ్రైవర్లు దీన్ని చూసి హారన్ కొట్టి వెక్కిరిస్తూ పోతారు. వాళ్ళ బండ్లు రెండేళ్ళకొకటి మారుతుంటాయి, అతని కారు మారలేదు. ఎండిన పెరుగుండలు తలొకటి నోట్లో వేసుకుని నలుగురూ లోయ కేసి చూస్తూ నిలబడ్డారు. మాంబెతాలీ తన ఉండని బుగ్గలో పెట్టుకుని నానబెడుతున్నాడు.

నరీన్ నుంచి తిరుగు ప్రయాణంలో సైరాగుల్ నడిపింది. తుర్దుకున్ పన్నెండేళ్ళలో మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాడు. అక్కణ్నించి చూస్తే కనుమ వేరేగా కనిపించింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఇటువైపు ఎత్తులోనూ ఒకచోట కారు దగ్గింది. తన కుడికాలు తనకి తెలియకుండానే పైకి లేచింది. పక్కకి చూస్తే సైరాగుల్ కాలు కూడా లేచే ఉంది. ఆమె కంగారు పడలేదు, అతని వైపు చూడలేదు. కారు సర్దుకుని ముందుకి పోయింది. తుర్దుకున్ మనసులో కారును ఆమెకి అప్పుడే ఇచ్చేశాడు.

పెరట్లో డబ్బు లెక్కా, మిగిలిన పనులూ త్వరగానే అయిపోయాయి. కలీపా దేవదారు కొమ్మ వెలిగించి, కారు చుట్టూ పొగ పట్టించింది. ఇరుగుపొరుగు చేరి అరచేతులు చాచారు. తుర్దుకున్ దీవించాడు. "దారి పాలలా తెల్లగా ఉండాలి, ఎక్కినవాళ్ళు క్షేమంగా దిగాలి" అన్నాడు. అందరూ ఆచారం ప్రకారం అరచేతులతో ముఖం తుడుచుకున్నారు. దారిలో తినడానికని కలీపా వేయించిన బూర్సోకుల సంచీ ఇచ్చింది. తుర్దుకున్ చివరిసారి ఇంజను లేపి, సంచీని డిక్కీలో పెట్టి, మూత గట్టిగా వేశాడు.

"పొద్దు ఇంకా ఉంది, చీకటి పడేలోపు కనుమ దాటేస్తావు" అన్నాడు.

"వస్తా బాబాయ్. పిన్నీ, వస్తా."

గోధుమ రంగు కారు గేటు దాటి, చెట్ల వరుస వెంట పోయి, మలుపు తిరిగింది. అతనికి ఏడుపు రాలేదు. కూతుర్ని మంచి ఇంటికి పంపినట్టు గుండె బరువుగా, తేలిగ్గా, రెండూ ఒకేసారి ఉంది. గేటు వేసి వస్తూ, నాలుక కింద పెట్టుకునే పొగాకు పొడి కోసం జేబులో చెయ్యి పెట్టాడు. పొట్లంతో పాటు కారు తాళంచెవి బయటికొచ్చింది.

ఆ కారు తాళం ఎంత అరిగిపోయిందంటే, ఇంజను నడుస్తుండగానే చెవి ఊడి వచ్చేస్తుంది. చలికాలంలో ఇంజను ఆపకుండా చెవి తీసి, డిక్కీ తెరిచి, జనం మూటలు దింపి, చెవి జేబులో వేసుకోవడం అతనికి పరిపాటి. ఇందాకా అదే చేశాడు. ఇప్పుడు కనుమ మీద ఇంజను ఆగిందంటే, ఎత్తు మీద ఒంటరి ఆడమనిషి దగ్గర దాన్ని లేపడానికి ఏమీ లేదు.

ఫోను చేశాడు. కొండల్లో పలకదు. మళ్ళీ చేశాడు. పక్కింటివాడి బండి పశువుల మేత తేవడానికి వెళ్ళింది. ఉన్నా, దారిలోనే సందె పడుతుంది, ఆ వెలుగులో తను నడపలేడు.

"పన్నెండేళ్ళు అది ఎవర్నీ వదల్లేదు కలీపా" అన్నాడు మెట్టు మీద కూలబడి. "వదిలేసింది నేనే."

కలీపా తాళంచెవి వైపు చూసి, వసారా గోడ వైపు చూసింది. అక్కడ మేకుకి మూడు పాత కళ్ళేలు వేలాడుతున్నాయి. మా వైపు గుర్రాన్ని అమ్మినా దాని కళ్ళేన్ని అమ్మరు. గుర్రంతో పాటు ఇంటి సిరి కూడా పోతుందని దాన్ని ఉంచేసుకుంటారు.

"మీ నాన్న ఎప్పుడైనా కళ్ళెం ఇచ్చాడా? నీ చేతికి అదే అలవాటు" అంది. "లే, చలి. టీ తాగు."

"అది గుర్రం కాదే!"

"ఇన్నాళ్ళకి తెలిసిందా?"

అతను టీ తాగలేదు. గేటు దగ్గరికి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళాడు. కొండల మీద ఎరుపు పోయి నీలం వచ్చింది. ఆ నీలంలో మూడో వంపు దగ్గర పొగలేని కారు, పక్కన చేతులు రుద్దుకుంటున్న సైరాగుల్ అతనికి కళ్ళకి కట్టినట్టు కనిపించారు. మసకబారిన కళ్ళకి ఇది మాత్రం స్పష్టంగా కనిపించడం అతనికి కోపం తెప్పించింది. అప్పుడు ఫోను మోగింది.

"బాబాయ్, ఇంటికొచ్చేశాను."

"అమ్మా... తాళంచెవి..."

"తెలుసులే! నరీన్‌లో రొట్టెలు కొందామని ఆపి, చెయ్యి పెడితే ఖాళీ. రొట్టెలావిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఇంజను ఆపకుండానే కిటికీలోంచి తీసుకున్నాను. ఇంటి దగ్గర గేరులో పెట్టి క్లచ్చి వదిలేస్తే చచ్చినట్టు ఆగింది."

"రేపు మొదటి బండికే పంపిస్తాను."

"నువ్వు కావాలనే తీసుకున్నావనుకున్నా బాబాయ్. మా నాన్న కూడా కళ్ళెం ఇచ్చేవాడు కాదు."

"కావాలని కాదమ్మా. చెయ్యి తీసేసుకుంది."

"అయితే ఆ చెయ్యి దగ్గరే ఉండనీ. మా తమ్ముడు కొత్త తాళం బిగిస్తాడు." అటువైపు ఎవరో మగగొంతు కంగారుగా పిలిచింది. సైరాగుల్ ఫోను పక్కకి పెట్టి ఏదో అడిగి, మళ్ళీ వచ్చింది. "ఉంటా బాబాయ్. పై మంద దగ్గర ఎవరికో నొప్పులట."

"ఫోను పెట్టెయ్యకమ్మా" అన్నాడు తుర్దుకున్. "చెవి లేకపోయినా ఇంజను తాళం ఇంకా ఆన్‌లోనే ఉంది. రెండో గేరు వెయ్యి. వాలు మీద దొర్లనిచ్చి క్లచ్చి వదులు."

తలుపు పడిన చప్పుడు. "తోయండ్రా!" అని ఎవరో అరిచారు. కంకర మీద చక్రాలు కరకరలాడాయి. తర్వాత ఏమీ వినపడలేదు. కలీపా కూడా వచ్చి ఫోనుకి చెవి ఆనించింది. ఒక మూలుగు. ఇంకొకటి. అంతలో ఇంజను ఖళ్ళున దగ్గి, గురగురమంటూ అందుకుంది. ఆ గురగుర కొండ వైపు పోతూ పోతూ ఫోనులో సన్నబడి, ఆగింది.

తుర్దుకున్ ఉన్ని టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది కన్నీళ్ళే. దాచుకోవడానికి అక్కడ కలీపా తప్ప ఎవరూ లేరు. ఆమె టీ మళ్ళీ వేడి చేయడానికి లోపలికి వెళ్ళింది. అతను వసారాలోకి వెళ్ళి, చేత్తో తడుముతూ మేకు వెతుక్కుని, తర్వాత ఆమె పిలవగానే లోపలికి పోయాడు.

గోడ మీద, మూడు ఎండు తోలు కళ్ళేల పక్కన, పళ్ళు అరిగి నున్నబడిన తాళంచెవి కొంచెంసేపు అటూ ఇటూ ఊగింది.