సొరుగులో పదకొండు రోజులు

నేను ఒక ఫైలుని. బీరువాలో తాడు కట్టి పెట్టే రకం కాదు. తెనాలిలో ఒక చిన్న అచ్చాఫీసు కంప్యూటరులో ఉంటాను. రంగుల్లేవు, బొమ్మల్లేవు, ఒట్టి అక్షరాలే. అయినా నా గర్వానికేమీ తక్కువ లేదు.

నన్ను పుట్టించింది ఇందుమతి. అక్కడ పంచాంగం పేజీలన్నీ టైపు చేసేది ఆమే. పేజీ మొదలుపెట్టగానే ఒక మీట నొక్కుతుంది, నాలో తేదీ, వేళ పడతాయి. లేచేటప్పుడు మరో మీట. పని ‘చేయాలి’ నుంచి ‘దిద్దుబాటుకు ఇచ్చాను’కు, అక్కణ్ణుంచి ‘అయింది’కి ఎప్పుడు మారిందో కూడా నాలో ఉంటుంది. పంచాంగం రాబోయే కాలం చెబుతుంది. నేను గడిచింది గడిచినట్టు చెబుతాను.

ఈ ఏడు ఉగాది దగ్గరపడినా పంచాంగం అచ్చుకెక్కలేదు. యజమాని పేర్రాజు గారు మండిపడ్డారు.

“ఏమ్మా, ఆరేళ్లుగా చేస్తున్నావు, ఈసారి చేతులకేమైంది? వచ్చే ఏడు వేరేవాళ్లకిచ్చేస్తా.”

ఆమె ముఖం వాడిపోయింది. ఏటా మొదటి ప్రతిని దేవుడి దగ్గర పెట్టుకునే మనిషి. నన్ను తెరిచి ఆయన ముందు పెట్టింది.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. “ఇదేంటి, ఒక్క పేజీకి తొమ్మిది గంటలా? కునుకు తీశావా?”

“మీట నొక్కడం మరిచి వ్రతానికి వెళ్లానండీ. కింద రాశాను చూడండి, అసలు పని నలభై నిమిషాలే.”

ఆమె తన తప్పు తానే రాసుకున్న ఆ వరుస చదివాక ఆయన గొంతు తగ్గింది. చివరి వరుసకు వచ్చారు: ‘దిద్దుబాటుకు ఇచ్చాను, పేర్రాజు గారికి.’ ఆ వరుస రాసి పదకొండు రోజులైంది. ఆ తర్వాత ఏమీ లేదు.

మెల్లగా తన సొరుగు లాగారు. కాగితాల కట్ట, పసుపు బొట్టుతో సహా, అక్కడే ఉంది.

“మూఢం కదమ్మా... వెళ్లాక మొదలెడదామని పెట్టా.”

“మూఢం వెళ్లి వారమైందండీ. పోయినేటి పంచాంగంలో ఆ మూఢం తేదీల పేజీ టైపు చేసింది నేనే.”

ఆయనకు నవ్వాగలేదు. “సరే తల్లీ, వచ్చే ఏడూ నువ్వే.” అప్పటికప్పుడే దిద్దడానికి కూర్చున్నారు. అది రాహుకాలమో కాదో చూసుకోలేదు.

దేవుణ్ణి నమ్మిన చేతుల్లో పెరిగాను, మంచి వేళను కాదనను. కానీ దానికోసం ఆగిన రోజులకు జవాబు ఎవరు చెప్పాలి? పంచాంగంలో వెతికాను, కనబడలేదు.

ఉగాదికి నాలుగు రోజుల ముందే పుస్తకాలు వచ్చాయి. ఇందుమతి నాలో ‘అయింది’ అని రాసింది. తర్వాత కొత్త ఏటి పనులకు చోటు తెరిచి, ‘దిద్దుబాటుకు ఇచ్చాను’ కింద ఒక కొత్త మాట చేర్చింది: ‘సొరుగులో ఉంది’.

పక్కన నిలబడి ఆ మాట రాయించింది పేర్రాజు గారే.