నీళ్ళకు నాలుగు

నేను ఒక అట్టముక్కను. అరచేతిలో ఇమిడిపోతాను. అలాగని నన్ను తీసిపారేసినట్టు మాట్లాడితే ఊరుకునే రకం కాదు. నా మీద ఉన్నవాడు కజుబి. జపాన్ యానిమే కార్టూన్ సీరియల్లో ఉత్త చేతుల్లోంచి మంటలు పుట్టించి శత్రువుల్ని తరిమే వీరుడు. ఎర్రజుట్టు, అంచులు కాలిన అంగీ, చేతికో జ్వాల. నేను అచ్చయింది శివకాశిలో. మా ప్రెస్సు పక్కవీధిలో టపాకాయలు చుడతారు. అంచేత నిప్పు నాకు పుట్టింటి సొమ్మే.

బొమ్మ కింద నా జాతకం కూడా వేశారు. నిప్పు 99. ధైర్యం 97. వేగం 91. ఊపిరి 40. నీళ్ళను తట్టుకోవడం 4. ఆ చివరి రెండూ కాస్త చిన్న అక్షరాల్లో వేసి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేదో నాకిప్పటికీ తెలీదు.

చిప్స్ ప్యాకెట్లో మసాలా వాసన పీల్చుకుంటూ విజయవాడ చేరాను. వాగు పక్కన ఒక పేటలో జోజిబాబు జిరాక్సు, లామినేషన్ షాపు నడుపుతాడు. ఆయన కూతురు షారోన్‌కి పదకొండేళ్ళు. ప్యాకెట్ చింపి నన్ను చూడగానే ఆ పిల్ల చిప్స్ సంగతే మర్చిపోయింది. నాలాంటివాడు వంద ప్యాకెట్లకు ఒక్కడు దొరికితే గొప్ప.

నాలాంటి కార్డులతో ఆడే ఆట తేలికే. ఇద్దరూ తమ కట్టలో పైకార్డు తీస్తారు. వంతు వచ్చినవాళ్ళు నిప్పనో వేగమనో ఒకటి చెబుతారు. అందులో ఎవరి అంకె పెద్దదైతే రెండు కార్డులూ వాళ్ళవి. వెనకవైపు అన్ని కార్డులూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎదుటివాడి చేతిలో ఏముందో తెలీదు. ఆటంతా అందులోనే ఉంది.

ఎదురింటి లోహిత్ ఆటలో దిట్ట, మాటలో జడ్జి. షాపు మెట్ల మీద కూర్చుని నా బలాబలాలు తేల్చేవాడు.

"నిప్పు ఒప్పుకుంటా. కానీ మూడు అగ్నిచక్రాలు వదిలాడంటే ఆయాసమొచ్చి కూలబడతాడు. నాలుగోది వదలమను చూద్దాం."

"మూడోదానికే అవతలోడు బూడిదైపోతాడుగా, ఇంక నాలుగోదెందుకు?" అంది షారోన్.

"వానొస్తే?"

షారోన్ గబుక్కున నన్ను అరచేత్తో కప్పేసింది. లోపల మెషిన్ దగ్గరున్న జోజిబాబు తల బయటపెట్టాడు.

"ఈ బాబుకి నీళ్ళు పడవా అమ్మా?"

"పడవు నాన్నా. తడిస్తే ఇంక అయిపోయినట్టే."

ఆయన ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. యానిమే అంటే ఏమిటో ఆయనకు తెలీదు. తడవకూడనిది కంటబడితే ప్లాస్టిక్ చొక్కా తొడగడం మాత్రం తెలుసు. శుభలేఖలకీ, క్యాలెండర్లకీ, చివరికి కరెంటు బిల్లుకి కూడా తొడిగిన మనిషి. పైగా వానాకాలం. కూతురి స్కూలు బ్యాగు కారుతోంది.

ఆ ఆదివారం పేట పిల్లల పోటీ. షారోన్ ఒక్కసారి కూడా లోహిత్ మీద గెలవలేదు. ఈసారి నేనున్నానన్న ధీమాతో నెల్లాళ్ళు లెక్కలు వేసుకుంది. శనివారం ఆ పిల్ల ట్యూషన్‌కి వెళ్ళగానే జోజిబాబు నన్ను కవర్లో పెట్టి వేడి రోలర్ల మధ్యకు తోశాడు. నిప్పు వీరుణ్ణి, ఆ వేడికి బెదిరానా? హాయిగా ఉంది. బయటికొచ్చి అద్దంలా మెరుస్తుంటే నా అంత అందగాడు లేడనిపించింది. మర్నాడు ఆయన నన్ను కూతురి చేతిలో పెట్టినప్పుడు ఆమె మొహం పాలిపోవడం చూశాకే అనుమానం వచ్చింది.

లోహిత్ నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "చెల్లదు. వెనకనుంచి చూసినా కజుబి అని తెలిసిపోతోంది."

వాడన్నది న్యాయమే. నేను లేకుండా షారోన్ రెండో ఆటకే ఇంటిదారి పట్టింది.

"అడక్కుండా ఎందుకు చేశావు నాన్నా?" అని మాత్రం అని నన్ను కౌంటరు సొరుగులో పడేసింది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు.

జోజిబాబు ఒకసారి బ్లేడు తీసుకుని నా మూల గీకబోయాడు. ప్లాస్టిక్‌తోపాటు బొమ్మ కూడా లేచొస్తుందని ఆయనకంటే ఎవరికి తెలుసు? ఆగిపోయాడు. ఇంకో కజుబి కోసం రోజూ చిప్స్ ప్యాకెట్లు కొని చింపేవాడు. జిరాక్సు కోసం వచ్చినవాళ్ళందరికీ చిప్స్ పెట్టేవాడు. తప్పయిపోయిందమ్మా అన్న ఒక్క మాట నోట్లోంచి రాక, మనుషులు ఎంత చుట్టు తిరుగుతారో సొరుగులోంచి చూశాను.

తొమ్మిదో రోజు పొద్దున్నే వాగు పొంగింది. పేటంతా బడి మేడ మీదికి పరిగెత్తింది. నేను సొరుగులో మిగిలాను. నీళ్ళు కౌంటరు దాటాయి. సిగ్గెందుకు, భయపడ్డాను. నాలుగు మార్కులవాణ్ణి, మూడు రోజులు బురదనీళ్ళలో మునిగి ఉన్నాను. ఒక్క చుక్క లోపలికి రాలేదు.

నీళ్ళు తీశాక తండ్రీకూతుళ్ళు వచ్చారు. జిరాక్సు మెషిన్ పోయింది. లామినేషన్ మెషిన్ నిండా బురద. కాగితాల కట్టలు ముద్దలయ్యాయి. జోజిబాబు కిందే కూలబడ్డాడు. అప్పుడే వీధిలోంచి టీచరు మహాలక్ష్మిగారు పిలిచారు.

"జోజిబాబూ, ఇల్లంతా పోయిందయ్యా. నువ్వు లామినేషన్ చేసిన నా సర్టిఫికెట్లు మాత్రం చెక్కుచెదరలేదు."

ఆ మాట విని ఆయన ఏదో గుర్తొచ్చినట్టు లేచి సొరుగు లాగాడు. నన్ను తీసి లుంగీకి తుడిచాడు. ఎర్రజుట్టు, రెండు జ్వాలలు, అన్నీ భద్రం.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు నన్ను చాపి. "నిన్నడిగి చెయ్యాల్సింది."

షారోన్ నన్ను తీసుకుంది. బురద చేతులతోనే తండ్రిని కావిలించుకుని ఏడ్చింది.

"నాన్నా, తడవలేదు నాన్నా ఇది," అంది. పన్నెండు రోజుల తర్వాత కూతురి నోట ఆయన విన్న మొదటి మాట అది.

లోహిత్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడి కార్డులన్నీ రేకుడబ్బాలో ఉప్మా అయిపోయాయి. నన్ను వెనక్కి తిప్పి చూసి, "చెల్లుతుందిలే," అన్నాడు. ఆడటానికి ఇంకో కార్డు లేదు. అయినా షారోన్ గెలిచినట్టే నవ్వింది. మార్కర్‌తో నా నాలుగును కొట్టేసి పక్కన నూరు వేసింది.

ఇప్పుడు నన్ను కొత్త మెషిన్ పైన గోడకు అంటించారు. యానిమేలో కజుబి ఇప్పటికీ చినుకు పడితే చూరు కిందికి పరిగెడతాడట. వాడి ఖర్మ. నన్ను చూసి ఎవరండీ ఇతను అని ఎవరైనా అడిగితే, ఒక్క ఎపిసోడూ చూడని జోజిబాబు తలెత్తకుండానే చెబుతాడు.

"మా అమ్మాయి ఫైటరండీ. నిప్పులో తొంభైతొమ్మిది, నీళ్ళలో నూరు."