అరవై అంగుళాల షాఫ్ట్

అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో మెకానిక్ విజయేందర్ షెడ్డు పొద్దున ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. అప్పటికే కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పంచేవాళ్ళు సందంతా తిరుగుతుంటారు. చేతిలో గ్రీజు డబ్బా ఉన్న మనిషిని కూడా వదలకుండా, మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అని కాగితం చేతిలో పెట్టి పోతారు. విజయేందర్ ఏ ఒక్కదాన్నీ కాదనడు. చేతులు తుడుచుకోవడానికి అంతకంటే మంచి కాగితం దొరకదు.

ఆ మంగళవారం హనుమత్ప్రసాద్ గారి పికప్‌ని తాడు కట్టి లాక్కొచ్చారు. ఆయనది శ్రీనగర్ కాలనీ, ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. బండి మాత్రం వయసులో ఆయనకన్నా పెద్దది. ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, ఉబ్బిన బానెట్, వెనక చెక్క తొట్టి. పాతకాలం సీను ఉంటే చాలు, సినిమావాళ్ళు దానికోసం వస్తారు. ఐదేళ్ళుగా ఆయనే దగ్గరుండి తోలుకెళ్ళి, షూటింగంతా కుర్చీ వేసుకుని కూర్చుని, బండి మీద ఎవరైనా ఛాయ్ గ్లాసు పెడితే లేచి తీసేవారు. పోయిన వారం పంజాగుట్ట దగ్గర షాఫ్ట్‌ను పట్టి ఉంచే క్రాస్ విరిగి, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు పోయే ఆ ఇనుప షాఫ్ట్ ఊడి రోడ్డు మీద పడి వంగిపోయింది. అదే రోజు సాయంత్రం డాక్టరు ఆయన మోకాళ్ళు చూసి, ఇక క్లచ్ తొక్కొద్దన్నాడు. ఇకమీదట తోలాల్సింది కొడుకు కేదార్. మైత్రీవనంలోనే నాలుగో అంతస్తులో జావా పాఠాలు చెబుతాడు.

కొత్త షాఫ్ట్ చేయించాలంటే కొలత కావాలి. ఆ బండికి కొలత తీయడం ఒక పద్ధతి. సీట్లో ఎవరు కూర్చుంటే వాళ్ళను బట్టి గేర్‌బాక్స్‌కీ వెనక ఇరుసుకీ మధ్య దూరం పెరుగుతుంది, తగ్గుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఏ షాఫ్ట్ పెడితే దానికి సర్దుకుంటుంది. అమీర్‌పేటలో పాత బండ్లు తెలిసిన వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మన ఇంట్లో పాత తలుపు వానాకాలం బిగుసుకుంటే మనం ఆశ్చర్యపోతామా, అలాగే వాళ్ళూను.

"జాకీ తీసేసిన సార్. టైర్ల మీద బరువు పడాలె, గప్పుడే అసలు కొలత," అన్నాడు విజయేందర్. "కేదార్ భయ్యా, నువ్వు జర సీట్ల కూసో."

కేదార్ ఎక్కి కూర్చుని ఫోనులో ఎవరికో మెసేజ్ పెట్టుకుంటున్నాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేక, హనుమత్ప్రసాద్ గారే గోనెసంచి పరుచుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ బండి కిందికి దూరారు. గేర్‌బాక్స్ దగ్గర విజయేందర్, ఇరుసు దగ్గర ఆయన. టేపు బిగించి చూశారు. నలభై నాలుగు అంగుళాలు.

విజయేందర్ టేపు వదిలి మళ్ళీ పట్టాడు. నలభై నాలుగు. మూడోసారీ అంతే.

ఐదేళ్ళ క్రితం ఇదే షెడ్డులో హనుమత్ప్రసాద్ గారు సీట్లో కూర్చుంటే యాభై రెండు వచ్చింది. అంతకుముందు ఈ బండి తోలిన భానుచందర్‌కు నలభై ఐదు. ఇరవై రెండో రోజున భానుచందర్ స్టీరింగ్ మీద తల వాల్చి మళ్ళీ ఎత్తలేదు. బండి కొన్నప్పుడు ఆ కథ నవ్వుతూ విన్నారు ఆయన. ఇప్పుడు బండి కింద, మొహానికి జానెడు దూరంలో ఆ అంకె చూస్తూ పడుకుంటే నవ్వు రాలేదు.

కొడుకుని ఛాయ్ తెమ్మని పంపించి బయటికి వచ్చారు. లేవడానికి విజయేందర్ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. లేచాక కూడా వదల్లేదు.

"చూశారు కదండీ."

"చూసిన సార్. మీరు ఫికర్ జెయ్యకుండ్రి. గిది చావు కొలత కాదు. గీ బండిల మనిషి ఎంత తిరుగుతడో గంతే చెప్తది."

"మరి భానుచందర్?"

"ఆయన తిరుగుడు ఆడికే ఐపోయింది. గుండె ఆగి ఐపోయింది, గది బండికేం ఎరుక? మీది సుత ఐపోయింది గద సార్. యాభై రెండు అయినంక షాఫ్ట్ ఊడింది. మీరు మంచిగనే నిలబడ్డరు."

అది నిజమే. కానీ భయపడ్డ తండ్రికి నిజం చెప్పి చూడండి, ఎంత సేపు వింటాడో. హనుమత్ప్రసాద్ గారు తల ఊపారు, ఒక్క ముక్క కూడా లోపలికి పోలేదు. కేదార్‌కు ముప్పై ఏళ్ళు ఇంకా నిండలేదు. ఆయనకు ఆ అంకె తప్ప మరేదీ కనిపించడం లేదు.

విజయేందర్ ఒక కరపత్రం వెనక కొలత రాసి ఇచ్చాడు. బల్కంపేట వైపు సందులో ఉప్పలయ్య లేత్ ఉంది. బండి కొలతలు తరతరాలుగా అక్కడికే పోతాయి. హనుమత్ప్రసాద్ గారు ఆటోలో కూర్చుని ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివారు. ఆటో దిగే ముందు దాన్ని నాలుగు ముక్కలు చేసి, జేబులో పెన్ను తీసి, ఇంకో కరపత్రం వెనక రాశారు. ముందు యాభై రెండు రాశారు. తనకు వచ్చినంత. కాసేపు చూసి కొట్టేశారు. ఐదేళ్ళు ఏం సరిపోతాయి? యాభై ఆరు రాశారు. అదీ కొట్టేశారు. మనిషికి ఒకసారి పెన్ను చేతికొస్తే ఆగడం కష్టం.

ఉప్పలయ్య ముసలాయన, కళ్ళద్దాలకు దారం కట్టుకుంటాడు. కాగితం దూరంగా పట్టుకుని చదివాడు.

"అరవయ్యా? గిది ఎవలు కూసుంటే వచ్చింది సార్?"

"మా అబ్బాయి."

"నేను యాభై ఐదు కన్న ఎక్కువ కొయ్యలే ఇంతవరకు."

"వాడిది గట్టి పిండం లెండి," అన్నారు హనుమత్ప్రసాద్ గారు. నవ్వడానికి ప్రయత్నించారు గానీ ఉప్పలయ్య ఆయన మొహం వైపు చూడకుండా పైపు తీయడానికి లోపలికి పోయాడు.

శుక్రవారం షాఫ్ట్ వచ్చింది. విజయేందర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడో లేదో తెలిసిపోయింది. పక్కన పెట్టి, బీడీ ముట్టించాడు.

"నేను రాసింది గిది కాదు సార్."

"తెలుసు."

"తక్కువైతే ఊడి పడ్తది, అంతే. ఎక్కువైతే ఏమైతదో నాకు ఎరుక లేదు. మా నాయన సుత చెప్పలే."

"తక్కువైతే ఏమవుతుందో భానుచందర్ సంగతి విన్నాక తెలిసిందండీ. ఎక్కువైతే ఏమైనా పరవాలేదు." హనుమత్ప్రసాద్ గారు అప్పటివరకూ ఎవరి ముందూ చేతులు జోడించిన మనిషి కాదు. "మీకూ పిల్లలున్నారు."

విజయేందర్‌కు ఇద్దరు ఆడపిల్లలు. బిగించిన తరువాత తోలే మనిషిని సీట్లో కూర్చోబెట్టి ఒకసారి చూడటం అతని ఆనవాయితీ. ఆ రోజు కేదార్‌ను పిలవలేదు. పికప్ ఖాళీగానే ఉంది కాబట్టి అరవై అంగుళాల షాఫ్ట్ పేచీ పెట్టకుండా కూర్చుంది. తాను చేస్తున్నది తప్పని విజయేందర్‌కు తెలుసు. అయినా బిగించాడు.

శనివారం పొద్దున కేదార్ చిన్న పనుందని చెప్పి బండి తీశాడు. గేటు దగ్గర తల్లి వసుమతి భోజనానికి వచ్చేస్తావా అని అడిగితే, పదకొండుకల్లా ఇంట్లో ఉంటానన్నాడు. హనుమత్ప్రసాద్ గారు బండి మలుపు తిరిగేదాకా చూసి, వారం రోజుల్లో మొదటిసారి పేపరు తిరగేశారు.

పన్నెండుకు ఫోన్ వచ్చింది.

"నాన్నా, మీకు చెప్పకుండా ఒక పని చేశాను. కోప్పడకండి. బండి అమ్మేశాను."

"ఏంటీ?"

"పంజాగుట్టలో కొత్త హోటల్ పెడుతున్నారు. ముందర అలంకారానికి పెట్టుకుంటామన్నారు. మీకు చెబితే ఒప్పుకోరని చెప్పలేదు. ఇంటి నుంచి అక్కడిదాకా తోలి ఇచ్చేస్తే అయిపోయేది. నాకు ఈ బండితో ఇంకేం పని లేదనుకున్నాను."

హనుమత్ప్రసాద్ గారు కుర్చీ చేయి పట్టుకున్నారు. ఇంటి నుంచి పంజాగుట్టకు. నలభై నాలుగు అంగుళాలు.

"ఇచ్చేశావా?"

"అదే నాన్నా. బ్రేకు తొక్కితే ఆగలేదు. వాళ్ళు పూలకుండీలు జరిపి చోటు చేసి నిలబడ్డారు. నేను వాళ్ళ ముందు నుంచే వెళ్ళిపోయాను. ముందు బస్సు ఆగితే ఆగుతోంది. సిగ్నల్ దగ్గర తలుపు తీసి కాలు కింద పెట్టాను. నేల అందలేదు."

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కి షెడ్డుకు వెళ్ళారు. విజయేందర్ విన్నాడు. ఆశ్చర్యపోలేదు, అది చూసి ఆయనకు మరీ భయం వేసింది.

"కోసెయ్యండి దాన్ని. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కింద దూరి కోసెయ్యండి."

"సీట్ల మనిషి ఉండంగ షాఫ్ట్ ఇప్పొద్దు సార్. మా నాయన ఒక్కసారి ఇప్పిండు. మళ్ల మా ఇంట్ల గా ముచ్చట ఎవ్వలు తియ్యరు."

"అరవై అంటే ఎంత దూరమండీ?"

విజయేందర్ వేళ్ళ మీద ఏదో లెక్క మొదలుపెట్టాడు. నలభై నాలుగుకు రెండు కిలోమీటర్లు. నలభై ఐదుకు ఇరవై రెండు రోజులు. యాభై రెండుకు ఐదేళ్ళు. అక్కడ ఆగి, చెయ్యి ముడుచుకుని జేబులో పెట్టుకున్నాడు.

అది జరిగి ఎనిమిది నెలలు. సందులో కుర్రాళ్ళకు, ట్రాఫిక్ పోలీసులకు, బంకు వాళ్ళకు ఆకుపచ్చ పికప్ అలవాటైపోయింది. వరసలో ముందు బండి ఆగినంతసేపట్లో పెట్రోలు పోసేస్తారు. కేదార్ కళ్ళు మూసుకున్నా అది దారి తప్పదు. కొన్నాళ్ళు ఫోన్లోనే జావా పాఠాలు చెప్పాడు, తరువాత మానేశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎటునుంచి వచ్చినా పంజాగుట్ట సిగ్నల్‌కు వస్తాడు. అక్కడ ట్రాఫిక్ దయ వల్ల మూడు నిమిషాలు దొరుకుతాయి. తండ్రి క్యారేజీ పట్టుకుని మెట్రో స్తంభం నీడలో నిలబడి ఉంటారు.

మొన్న సోమవారం కేదార్ క్యారేజీ అందుకున్నాడు గానీ లోపల పెట్టుకోలేదు. దాని పిడి ఒక కొస కొడుకు చేతిలో, ఇంకో కొస తండ్రి చేతిలో ఉండిపోయింది.

"నాన్నా, ఆ రోజు నాకు కొలత ఎంత వచ్చింది?"

ఎనిమిది నెలలుగా ఈ ప్రశ్న వస్తే ఏం చెప్పాలో హనుమత్ప్రసాద్ గారు రోజూ అనుకుంటూనే ఉన్నారు. యాభై రెండని చెబుదామనుకున్నారు. విజయేందర్ మీద, ఉప్పలయ్య మీద నెడదామనుకున్నారు.

"నలభై నాలుగు," అన్నారు.

"మరి చేయించింది?"

"అరవై. నేనే రాశాను. నువ్వు పోతావేమోనని భయమేసింది రా."

కేదార్ తండ్రి వైపు తిరిగాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఎండలో తండ్రి నెత్తి మీద జుట్టు పలచబడి, చర్మం కనిపిస్తోంది. ఆయన బండి తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"రేపట్నుంచి గొడుగు తెచ్చుకోండి," అన్నాడు కేదార్ క్యారేజీ పక్క సీట్లో పెట్టుకుంటూ. "మాత్రలు మానకండి. మీరు చాలా ఏళ్ళు రావాలి ఇక్కడికి."

ముందు బస్సు కదిలింది. దాని వెనకే పికప్ ఫ్లైఓవర్ ఎక్కింది.