ఏడో నంబరు ఇల్లు

2002 ఫిబ్రవరిలో ఒక ఉదయం. భీమిలి దాటాక జాలర్ల కొత్త కాలనీ దగ్గర రోజలిన్ బస్సు దిగేసరికి మంచు ఇంకా విడలేదు. పన్నెండు తెల్లటి ఇళ్లు నేల మీద కాక పొగ మీద నిలబడినట్టున్నాయి.

సిమెంటూ ఇనుమూ ప్రభుత్వం ఇస్తే, ఆ ఇళ్లను అక్కడివాళ్లే కలిసి కట్టుకున్నారు. ఏ ఇల్లు ఎవరిదో ముందుగా ఎవరికీ తెలియదు. అన్నీ పూర్తయ్యాక చీటీలు తీశారు. ఆ పథకం ఎంతవరకు ఫలించిందో చూసి రమ్మని రోజలిన్‌ను ఆమె పనిచేసే సంస్థ పంపింది. ఇల్లు వచ్చినవాళ్లే అందులో ఉంటున్నారా అన్నది ఫారంలో మొదటి ప్రశ్న.

ఏడో నంబరు తలుపు తీసినావిడను, "తవిటమ్మగారేనా?" అని అడిగింది.

"కాదమ్మా, నాను కాసులమ్మని. తవిటమ్మ నాలుగో ఇంట్లో ఉంటాది."

"నాలుగు మీ పేరున ఉంది కదండీ?"

కాసులమ్మ తలుపు బార్లా తీసింది. "లోపలికి రా," అంది.

తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పక్క గోడ మీద పడుతోంది. గోడ కదిలినట్టయింది. రోజలిన్ కళ్లు నులుముకుంది. పూత ఎగుడుదిగుడుగా ఉండడంతో నీడలు అలల్లా పరుచుకున్నాయి. బయట మంచు జరిగినప్పుడల్లా అవీ జరుగుతున్నాయి. ఎంతసేపు చూస్తూ నిలబడిందో ఆమెకే తెలియలేదు.

"మా ఆయన వీరన్న పూసిన గోడ," అంది కాసులమ్మ. "వల తప్ప తాపీ ఎరగడు. మళ్లీ పుయ్యమన్నాడు మేస్త్రీ. రేపొచ్చి పూత్తానని సంద్రంలోకి ఏటకెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు."

చీటీల్లో ఆ ఇల్లు తవిటమ్మకు వచ్చింది. సర్వేకి మనిషి వచ్చిందని తెలిసి ఆమె కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తొమ్మిది రోజులున్నానమ్మా. పొద్దున్నే ఆ గోడ సూత్తే, మా కాసులమ్మొదిన మొగుణ్ని నాను దాసీసినట్టుండేది. పదోనాడు సామాను నెత్తినెట్టుకుని నాలుక్కి పోయాను."

"ఇది రాత్తే ఇళ్లు లాగేసుకుంటారేటి?" అని అడిగింది కాసులమ్మ.

"నాకు తెలీదండీ," అంది రోజలిన్.

ఫారంలో అవును, కాదు అని రెండే గడులు. రెండూ వదిలేసి, అడుగున జరిగింది జరిగినట్టు రాసింది.

ఆఫీసులో పై అధికారి శుభాకర్ ఆ కాగితం పట్టుకుని, "దీన్ని ఏ లెక్కలో వెయ్యనమ్మా?" అన్నాడు.

"ఎవరూ అమ్ముకోలేదు సార్, అద్దెకివ్వలేదు. ఇద్దరూ కట్టిన ఇళ్లే. ఇద్దరూ ఉంటున్నారు."

ఆయన మరోసారి చదివాడు. "తర్వాతి కాలనీలో చీటీలకు ముందు ఎవరికి ఏ ఇల్లు కావాలో మనుషుల్ని అడగమని కూడా రాయి," అన్నాడు.

పట్టాల్లో పేర్లు మారడానికి ఎనిమిది నెలలు పట్టింది. అవి ఇచ్చే రోజున రోజలిన్ కూడా వెళ్లింది. తవిటమ్మ ఇంటి అరుగు మీద ముగ్గురూ నెత్తళ్ల చేపల ఇగురుతో అన్నం తిన్నారు. తిరుగు బస్సులో కంటినిండా నిద్రపట్టి, రోజలిన్ దిగాల్సిన చోటు దాటిపోయింది.